ఆల్టరు గుడ్డ మీద మూడు ‘స’లు

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఖరగ్‌పూర్ రైల్వే బడిలో ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెప్పినదాన్ని. నన్ను భయపెట్టేది అక్షరదోషం ఒక్కటే.

పూరీ గేట్ దగ్గర మా లూథరన్ గుడి చాలా చిన్నది. విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన మా తాతలు డ్యూటీ దిగాక కట్టుకున్నారు. బల్లలు పాత రైలుపెట్టెల టేకువి, కొన్నింటి మీద సీటు నంబర్లు ఇంకా ఉన్నాయి. బాప్తిస్మపు గిన్నె వర్క్‌షాపు లేతు మిషను మీద తిప్పిన ఇత్తడిది. ఆల్టరు, అంటే బలిపీఠం మీది తెల్లగుడ్డ మాత్రం మా అమ్మ కుట్టింది.

అమ్మ పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఎర్రదారంతో ‘పరిసుద్ధుడు’ అని మూడుసార్లు కుట్టింది. ‘శ’ ఉండాల్సిన చోట ‘స’. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. గుడి ఆడవాళ్లందరి ముందూ ఆ తప్పు ఎత్తిచూపి పగలబడి నవ్వాను. అదేం పొగరో!

“నాను పలికినట్టే కుట్టినానమ్మా. దేవుడికి తెలీదేటి?” అంది అమ్మ.

మళ్లీ ఆవిడ సూది పట్టలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అమ్మ పోయి ఆరేళ్లయినా ఆ బాధ నన్ను వదల్లేదు.

పోయిన ఏడాది గుడి పండగకు విశాఖ నుంచి పెద్దలు వస్తారన్నారు. అమ్మ కుట్టింది చూసి ఎవరూ నవ్వకూడదని ఆ అక్షరాలు సరిచేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, పోతుందని భయపడిన పరువు నాది.

శనివారం మధ్యాహ్నం గుడిలో కూర్చుని మూడు ‘స’లూ విప్పేశాను. గోల్‌బజార్‌లో కొన్న కొత్త ఎర్రదారంతో ‘శ’లు కుట్టాను. అమ్మ దారం వెలిసి ఇటుక రంగుకు వచ్చేసింది. ఆ ముక్కలు పారేయబుద్ధికాక కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను. గుడి చూసుకునే పౌలు తాత నా ముందే తాళం వేశాడు.

ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే గుడ్డ మీద మూడు ‘స’లే ఉన్నాయి. అదే వెలిసిన దారం. విప్పిన జాడే లేదు.

నాకేమైనా మతి పోయిందా అనుకుని సంచిలోని కాగితం తీశాను. సంచి రాత్రంతా నా గదిలోనే ఉంది. కాగితంలో ఉన్నవి కొత్త ఎర్రదారం ముక్కలు. రాత్రి గుడి ఎవరు తెరిచారని పౌలు తాతను అడిగాను.

“తాళం నా కాడే ఉన్నాదమ్మా. ఎవులూ రానేదు,” అన్నాడు తాత. ఆయనకు చూపు సరిగా ఆనదు, సూదిలో దారం కూడా ఎక్కించలేడు.

ఆరాధనలో అందరూ లేచి ఆ మాట మూడుసార్లు పలికారు. మా వాళ్లంతా ‘పరిసుద్ధుడు’ అనే అంటారని ఆ రోజే నా చెవికెక్కింది. మొదటిసారి నా ఒక్కదాని ‘శ’ విడిగా వినబడింది. రెండోసారి ఆగి, చుట్టూ వాళ్లు పలికేది విన్నాను. మూడోసారి అమ్మలాగే అన్నాను.

విశాఖ పెద్దలు ఎవరూ నవ్వలేదు. అసలు చూశారో లేదో కూడా తెలియదు. అందరూ వెళ్లాక గుడ్డ మీద చెయ్యి పెట్టి, “తప్పయిపోనాదమ్మా,” అన్నాను.

ఆ అక్షరాలు ఎలా తిరిగొచ్చాయో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. అమ్మ నన్ను మందలించిందో, క్షమించిందో అది కూడా తెలియదు.