బావకు నేను చెప్పిన సూది కథ

మా అక్క మగడు, నా బావ, పోయిన నెల కన్నుమూశాడు. పంటి నొప్పితో పోయాడంటే మా నేతగాళ్ల పేట నీలం నగర్‌లో ఎవరూ నమ్మలేదు. ఫోన్ చేసి చెబితే దోస్తులు ముందు నవ్వారు. "నీ నోట్ల మన్ను వడ, గీ మజాక్ మంచిగ లేదు" అని ఒకడు ఫోన్ పెట్టేశాడు. ముప్పై ఏళ్లుగా నేను సంపాదించుకున్న పేరు అది. చావు కబురు చెప్పినా నమ్మరు.

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు మరమగ్గం పని నేర్పింది బావే. వీపు తిప్పుకుని నిలబడి కూడా, చప్పుడు విని ఏ మగ్గం మీద పోగు తెగిందో చెప్పేవాడు. నేను ఇకిలిస్తూ నిలబడితే, "ముందు మగ్గం ఆపు. నవ్వుడు తర్వాత" అనేవాడు. ఒకసారి ఆయన చాయ్ తాగుతుంటే బల్ల కింద దూరి, కాళ్లకున్న చెప్పులు రెండూ పడుగు నూలుతో కలిపి కట్టేశాను. లేచి బోర్లా పడ్డాడు. అక్కడే కూర్చుని ఆ ముడిని తిప్పి తిప్పి చూశాడు.

"సక్కగేసినవ్ రా. గిసొంటి ముడి మగ్గం మీద ఎందుకు వడది నీకు?"

అంతే.  బావమరిది ఆటపట్టించాలి, బావ పడాలి. మాలో అదొక మర్యాద. ఆయన దాన్ని చివరిదాకా పాటించాడు.

కింది దవడ పన్ను పుచ్చి చీము పడితే అశోక్ చౌక్‌లోని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మన పద్మశాలీల బిడ్డే. బావకు గుండెలో స్టెంట్ వేశారనీ, రక్తం పలచబడే గోళీలు మింగుతున్నాడనీ అడిగి మరీ చెప్పించుకుంది.

"కాకా, గోళీలు మీ అంతట మీరు బంద్ చెయ్యకుండ్రి. గుండె డాక్టర్‌తోని నేను మాట్లాడుత. సూది ఇస్తే దవడ మొద్దువారుతది, నొప్పి తెల్వది. పన్ను తీసినంక గాజుగుడ్డ అదిమి కుట్టేస్త, రక్తం ఆగినంకనే ఇంటికి పంపుత. సోమవారం రాండ్రి. లేట్ చేస్తే చీము కిందికి దిగుతది."

ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? బావ తలూపాడు. బయట చాయ్ హోటల్లో దోస్తులతో కూర్చున్నాక నా నోరు ఊరుకోలేదు.

"బావా, సూది చూసినవా? కండె పుల్లంత ఉంది. దవడల గుచ్చితే చెవులకెల్లి మొన బయటికొస్తదట. ఇగ నీ రక్తమా, పల్చటిది. నల్లా ఇప్పినట్టే. అక్కను బాల్టీ తెమ్మందామా?"

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ బావే నవ్వాడు. నవ్వుతూనే చెంప పట్టుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా ఇంకో రెండు మాటలు కలిపాను.

సోమవారం ఆయన వెళ్లలేదు. "మగ్గం మీది ఈ బీమ్ నూలు అయిపోయినంక పోదాం తియ్" అన్నాడు. నొప్పి లేచినప్పుడల్లా అక్క చుట్టే బీడీల తంబాకు చిటికెడు తీసి పంటి సందులో కుక్కుకున్నాడు. కడక్ భాకరి, ఆ గట్టి జొన్నరొట్టెను, పప్పులో నానబెట్టి ఒక పక్కే నమిలాడు. తర్వాత అదీ మానేశాడు. చెంప ఉబ్బింది.

"లడ్డు ఒక్కనివే తింటున్నవా బావా?" అన్నాను. నవ్వబోయాడు. నోరు తెరుచుకోలేదు.

రెండు రోజుల్లో జ్వరం వచ్చి, దవడ కింద మెడంతా గట్టిపడింది. ఉమ్మి మింగలేక తువ్వాలలోకి వదిలాడు. మాట ముద్దయింది. అప్పుడు తీసుకెళ్లాం పెద్దాసుపత్రికి. చీము మెడలోకి దిగి ఊపిరి దారి మూసుకుపోతోందన్నారు. ఇలా వాచి మింగుడు పడనప్పుడు ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచకూడదన్నారు. మెడ కోసి చీము తీశారు, మిషన్ పెట్టారు. మూడో రోజు దాటలేదు.

కబురు తెలిసి పళ్ల డాక్టరమ్మ అక్క ఇంటికొచ్చింది.

"సోమవారం కుర్చీ ఖాళీ పెట్టుకొని చూసిన చిన్నమ్మా. కాక ఎందుకు రాలే?"

"సూదికి భయపడ్డడు బిడ్డా" అంది అక్క. "రక్తం ఆగదని ఎవలో చెప్పిన్రట. ఎవలని ఎంత అడిగినా పేరు చెప్పలే."

పేరు చెప్పలేదట. నేను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను.

మా అక్కకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. చదివే మీరు నా మొహాన ఉమ్మినా సరే, నాలాంటివాడి మాట విని మాత్రం ఆగిపోకండి.

మొన్న నా పుచ్చిపన్ను పీకించుకున్నాను. అదే డాక్టరమ్మ, అదే కుర్చీ. సూది చీమ కుట్టినంత. పన్ను ఎప్పుడు ఊడిందో తెలియలేదు. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే కాకా" అంది. గాజుగుడ్డ అరగంట కొరికి పట్టుకోమంది, మాట్లాడొద్దంది. ఆ గుడ్డ నోట్లో ఉండగానే, సూది కథ చెప్పింది నేనేనని చెప్పేద్దామని నేరుగా అక్క ఇంటికి నడిచాను. బీడీలు చుడుతోంది.

"నొప్పయ్యిందా తమ్మీ?"

అడ్డంగా తలూపాను.

"అగో, గింతేనా! గీ ఒక్క ముచ్చట మీ బావకు ఎవలన్న చెప్పుంటే బతుకుతుండె కదరా."

గుడ్డను ఇంకా గట్టిగా కొరికాను. అరగంట ఎప్పుడో దాటిపోయింది. కన్నీరు చెంప మీద జారడం తెలిసింది, సూదికి మొద్దుబారిన పెదవి దాకా వచ్చాక ఎటు పోయిందో తెలియలేదు. అక్క ముందుకు వంగి కొంగుతో నా గడ్డం తుడిచింది. ఆ చెయ్యి కదలడం చూస్తూనే ఉన్నాను. తగలడం మాత్రం తెలియలేదు.