గాలిని తిట్టే బాబాయి

మా బాబాయి గాలిని తిడతాడు. మనుషుల్ని తిట్టేవాళ్ళని చూశాం, పక్కింటి కుక్కని తిట్టేవాళ్ళనీ చూశాం. బాబాయి మాత్రం అచ్చంగా గాలినే తిడతాడు. అదీ ఏదో మాటవరసకు కాదు. ఎదురుగా ఓ మొండి అల్లుడు నిలబడ్డట్టు, వేలు చూపించి మరీ తిడతాడు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఎవరో పెద్దమనిషి కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, గోడకు తగిలించిన అట్ట మీద అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటాడు. ఇంతలో తలుపు సందులోంచి గాలి దూరి ఆ అట్టని అటూ ఇటూ ఊపేస్తుంది.

“సిగ్గుందా నీకు? పని చేసుకునే చోటికొచ్చి ఏంటా వేషాలు? బయటికి పో!” అని గర్జిస్తాడు బాబాయి.

పెద్దమనిషి కంగారుగా లేచి చెప్పులు వెతుక్కుంటాడు.

“అయ్యయ్యో, మిమ్మల్ని కాదండీ బాబూ! వీణ్ణి!” అని ఖాళీ గుమ్మం చూపిస్తాడు. పెద్దమనిషికి అప్పుడు నిజంగానే భయం పట్టుకుంటుంది.

ఇంతలా తిట్టే మనిషి, సెలవు రోజు వస్తే చాలు, అదే గాలి భుజాలెక్కి ఊరేగుతాడు. హ్యాంగ్ గ్లైడర్ అని, గొట్టాలకు గట్టి గుడ్డ బిగించిన పెద్ద రెక్క. దాని కింద బోర్లా వేలాడుతూ, చేత్తో కడ్డీ పట్టుకుని, కొండ అంచు నుంచి పరుగెత్తి గాల్లోకి వెళ్ళిపోవడమే. ఇంజను లేదు, పెట్రోలు లేదు. ఉన్నదల్లా గాలీ, బాబాయి నోరూ.

గ్లైడర్ క్లబ్బు వాళ్ళంతా కలిసి ఎగిరే రోజుల్లో కింద రోడ్డు మీద జీపు నడుపుకుంటూ వెంట వెళ్ళడం నా పని. పక్కన పిన్ని, ఆవిడ ఒళ్ళో రేడియో. అందరిదీ ఒకే ఛానెల్ కాబట్టి, బాబాయి తిట్లదండకం వినడం ఎవరికీ తప్పేది కాదు.

ఆ రోజు అడ్డగాలి మహా పొగరుగా ఉంది. కొండ మీంచి బయల్దేరి, లోయ పొడవునా పోయి, అవతలి ఊరి ఫుట్‌బాల్ మైదానంలో దిగాలి. గాలేమో ఎడమ నుంచి కుడికి ఒకటే తోపు. కుడివైపంతా అడవి, కాలు మోపే చోటు లేదు. చాలామంది ఆకాశం వంక చూసి, చడీచప్పుడు లేకుండా రెక్కలు మడిచేశారు. చివరికి మిగిలింది బాబాయి, లెక్కల టీచరమ్మ.

టీచరమ్మ కిందటేడు ఇదే దారిలో ముళ్ళపొదల్లో పడి భుజం విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ క్లబ్బులో ప్రతివాడూ ఆవిడకు గురువే. టీ తెచ్చిపెట్టే ఆయన కూడా మలుపు ఎలా తిప్పాలో చెప్పి గానీ గ్లాసు ఇచ్చేవాడు కాదు. ఆవిడకు ప్రాణం విసిగిపోయింది.

“రేడియోలో నాకెవరైనా ఒక్క ముక్క చెప్పారంటే అక్కడికక్కడే దిగిపోతాను,” అంది హెల్మెట్ బిగించుకుంటూ. “ఈసారి నా అంతట నేనే దాటాలి. దాటలేకపోయానా, రెక్క ఇక అటకెక్కినట్టే.” ఆ మాటలు తరగతి గదిలో చెప్పినంత గట్టిగానే చెప్పింది, హెల్మెట్ పట్టీ మాత్రం విప్పి మళ్ళీ బిగించుకుంది.

“నేనెందుకు చెబుతానమ్మా? ఒట్టు!” అన్నాడు బాబాయి. ముందు ఆయన ఎగిరాడు, వెనకే ఆవిడ.

క్షణం ఆలస్యం లేదు, రేడియో అందుకుంది.

“ఏరా, ఎడమ నుంచి తోస్తున్నావా? తోసుకో! నా ముక్కు నీవైపే పెట్టి పీతలా పక్కకి పాక్కుంటూ పోతా, ఏం చేస్తావ్?”

ముందు రెక్క ముక్కు ఎడమకు తిరిగింది. కాసేపటికి వెనక రెక్కా తిరిగింది.

“ఆ గుట్ట చాటున నక్కావా దొంగవెధవా? దగ్గరకొస్తే మెలిపెడదామనే కదూ! నేను రోడ్డు మీదుగానే పోతా, నీకు చిక్కను!”

రెండు రెక్కలూ రోడ్డు మీదకు వచ్చాయి. నేను పగలబడి నవ్వుతున్నాను. అంతలో టీచరమ్మ రెక్క జారిపోతూ అడవివైపు కొట్టుకుపోవడం మొదలెట్టింది. నా నవ్వు ఎటుపోయిందో తెలీదు.

“పిన్నీ, బాబాయిని ఏదో ఒకటి చెప్పమను! ఒట్టూ లేదు, గిట్టూ లేదు!”

పిన్ని రేడియో మీట ముట్టుకోనైనా లేదు. బాబాయి గొంతు మాత్రం పెరిగింది.

“కిందికి నొక్కుతావా? నొక్కు! కడ్డీ గుండెలకు లాక్కుని దూసుకుపోతే నువ్వేం చేస్తావ్? క్వారీ దగ్గర పైకి ఎత్తకుండా ఎక్కడికి పోతావులే! ఓహో, రాళ్ళ మీద ఎత్తడట మహారాజు, కుడి పక్కన లారీల మీదే ఎత్తుతాడట!”

టీచరమ్మ రెక్క విసురుగా ముందుకు దూకింది. లారీల మీదకు చేరింది. అక్కడ చుట్లు తిరుగుతూ, తిరుగుతూ, పైకి లేచింది. హమ్మయ్య!

అప్పుడు తట్టింది నాకు. బాబాయి క్వారీ దాటి ఎంతో దూరం పోయాడు. ఆయన రెక్క ఇటువైపు తిరిగి హాయిగా తేలుతోంది, నొక్కే గాలే లేదక్కడ.

“పిన్నీ! ఈయన తిడుతున్నది తన గాలిని కాదు, ఆవిడ గాలిని!”

“ఇప్పటికి వెలిగిందా?” అంది పిన్ని. “ఒక్కడే ఎగిరిన రోజున దిగేదాకా నోరు మెదపడు. వెనక భయపడేవాళ్ళు ఉంటేనే ఈ గోల. అదే అలవాటై కొట్లోనూ, ఇంట్లో నేను బట్టలారేసే చోటా కూడానూ. సగం క్లబ్బు మీ బాబాయి తిట్లతోనే ఎగరడం నేర్చుకుంది.”

ఇన్నేళ్ళూ వింత మనిషనుకున్న ఆయనకు జీపు ఆపి దండం పెట్టాలనిపించింది నాకు.

మేం చేరేసరికి బాబాయి మైదానంలో దిగి, రేడియో పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. టీచరమ్మ ప్రహరీగోడ మీదుగా బాగా కిందికి వచ్చింది. రెక్క తూలింది. బాబాయి భయంతో రేడియో జారవిడిచి గోడవైపు పరుగెత్తాడు. పైన ఆవిడ ఏదో గట్టిగా అరిచింది. రెక్క నిలదొక్కుకుంది, ఆవిడ కాళ్ళు నేలకు తగిలాయి, నాలుగడుగులు పరుగెత్తి ఆగింది.

“దాటాను అన్నయ్యా!”

“దాటవూ మరి! ఎవరైనా ఒక్క ముక్క చెప్పామా?” అన్నాడు బాబాయి, మహా అమాయకంగా.

“లేదు, మాట నిలబెట్టుకున్నారు. కానీ ఆ గోడ దగ్గర గాలి ఉన్నట్టుండి చచ్చిపోయింది చూడండి, దాన్ని తిట్టడం మర్చిపోయారు.”

బాబాయి మొహం చూడాలి అప్పుడు! “మరి... మరి ఏం చేశావమ్మా?”

“ఏం చేస్తాను? నేనే తిట్టుకున్నాను.”

“ఏమని?”

ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, ఆయన చెవిలో చెప్పింది. బాబాయి రెండు చెవులూ మూసుకున్నాడు.

“పిల్లలకు పాఠాలు చెప్పే నోరేనా తల్లీ అది!”