తెర నిండా సాగదీసిన బొమ్మ

మా చెల్లె తన పిచ్చితోనే జబ్బు తెచ్చుకుందని చుట్టాలు ఇప్పటికీ అంటారు. అబద్ధం. అది నా చేతిలోని రిమోట్‌తో మొదలైంది.

ఇబ్రహీంపట్నంలో నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ని. ఆదిభట్ల వైపు భూముల ధరలు లేచిన ఆ ఏళ్లలో ఇంటింటికీ గోడకు తగిలించే వెడల్పు టీవీలు వచ్చాయి. నా పాత కెమెరా బొమ్మ వాటిలో వేస్తే రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చేవి. "సగం టీవీ ఖాళీ ఉన్నది, గిదేం వీడియో?" అని నన్నే తిట్టేవారు. అందుకని ఎక్కడ సీడీ ఇచ్చినా బొమ్మను తెర నిండా సాగదీసి వచ్చేవాణ్ని. పెళ్లికూతురి గుండ్రటి బొట్టు కోడిగుడ్డులా కనబడేది. మనుషులు అడ్డంగా ఉబ్బేవారు.

చెల్లె పెళ్లి వీడియో కూడా తుర్కయాంజాల్‌లో వాళ్ల అత్తగారింట్లో అట్లాగే వేశాను. గది నిండా చుట్టాలు.

"ఓ పిల్లా, గా బొమ్మల నువ్వేనా? డ్రమ్ము లెక్క ఉన్నవ్!" అంది చెల్లె అత్త.

"గంత పెద్ద టీవీ ఎందుకు కొన్ననుకున్నవే అమ్మా? ఈమె పట్టొద్దా?" అన్నాడు బావ.

గది గొల్లున నవ్వింది. చెల్లె నా వైపు తిరిగింది. "అన్నా, నేను నిజంగ గట్లున్ననా?"

"కెమెరాకు అబద్ధమాడుడు రాదు గద," అన్నాను.

నిజం చెబితే నా వీడియో బాగాలేదంటారని భయం. ఇంతకు మించి కారణం లేదు.

ఆమె అన్నం మానేసింది. కేబుల్ టీవీలో రోజూ చూపే సన్నబడే పొడి తెప్పించుకుని, నీళ్లలో కలుపుకుని తాగేది. నాలుగు నెలలకు బస్సెక్కుతూ పడిపోయింది. దవాఖానలో చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారాయి.

ఇంటికొచ్చాక అందరినీ కూర్చోబెట్టి అదే వీడియో వేసి, రిమోట్ మీద ఒక్క మీట నొక్కాను. సాగదీత పోయి, నల్లటి పట్టీల మధ్య మా చెల్లె ఎప్పటిలాగే నిలబడి ఉంది. పొడి అమ్మేవాళ్లు 'ముందు', 'తర్వాత' అని చూపే బొమ్మలూ ఇట్లా చేసినవే కావచ్చన్నాను.

"అయ్యో, కోడలు సన్నగనే ఉండె!" అంది అత్త.

చెల్లె ఆమె వైపు చూడలేదు. "అన్నా, నీకు అప్పుడే ఎర్కనా?"

"అవ్."

"ఎర్కుండి గా మాటన్నవ్. సరే, నేను నిజంగనే లావుంటే? అప్పుడు మీరు నవ్వుడు కరెక్టేనా?"

పొడి అమ్మినవాడి మీద, బావ మీద నాకు మండిపోతుంది. కానీ చెల్లె బొమ్మ సాగదీసినదని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఒక్క మీటతో తప్పు దిద్దుకున్నాననుకున్న నా తెలివి మీద ఉమ్మేయాలనిపిస్తుంది.

ఇన్నేళ్లయినా ఆమె పదిమందిలో తినదు. నేను వెళితే వడ్డిస్తుంది. నేను లేచి గడప దాటాకే తన కంచం తీస్తుంది.