జాంబీకి చొక్కా కొలతలు

సందు చివరి టైలరుకి మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, మిషను బల్ల మీద ఫోను ఎప్పుడూ ఉంటాయి. చొక్కాకీ చొక్కాకీ మధ్య కాస్త సందు దొరికితే చాలు, ఫోనులో వేలితో జాంబీల బొమ్మలకథ గీస్తాడు. గీస్తున్నంతసేపూ తనే నాలుక బయటపెట్టి కళ్ళు తేలేస్తాడు. చచ్చి లేచినవాళ్ళైనా సరే, చొక్కాకి ఒక్క గుండీ ఊడనివ్వడు. "శవాలకి ఇస్త్రీ ఏంటండీ?" అని కాజాలు కుట్టే భార్య నవ్వుతుంది.

ఆ రోజు మాత్రం మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. కథలు వేసే సైటువాళ్ళు, "చేతులు చాపుకుని రావడం, కరవడం అందరూ గీసేదే. సాయంత్రంలోగా కొత్తది పంపకపోతే నీ కథ ఆపేస్తాం" అన్నారు. అంతలో లెక్కల మాస్టారు మూడోసారి వచ్చాడు. "నా చొక్కా ఏదయ్యా? నిన్ను నమిలి మింగేస్తా!" అంటూ చేతులు చాపి మీదికొచ్చాడు. టైలరు అలవాటుగా ఆ చేతులకే టేపు పెట్టి, "ఒక్కసారి కొలత సరిచూస్తా మాస్టారూ. రేపు రండి, తప్పకుండా ఇచ్చేస్తా" అన్నాడు. మాస్టారు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. టైలరు ఒక్క గెంతులో ఫోను అందుకున్నాడు.

కొత్త కథలో జాంబీ చేతులు చాపుకుని వస్తుంది. టైలరు కొలతలు తీసి "రేపు రండి" అంటాడు. అది చచ్చినట్టు వెనక్కెళ్ళి గోతిలో పడుకుంటుంది. ఊరు బతికిపోతుంది. సైటువాళ్ళు "ఇలాంటిది ఎక్కడా చూడలేదు" అని రాశారు.

"ఇందులో కొత్తేముందండీ? ఇరవై ఏళ్ళుగా అందరికీ చెప్పే అబద్ధమేగా!" అంది భార్య.

"మనుషులకి చెప్పానే. జాంబీకి ఇంతవరకు ఎవడు చెప్పాడు?" అన్నాడు టైలరు.