దండ లేని ఫోటో

1996 జూన్ 14, ఉదయం ఏడు గంటలు. అమ్మ, నేను మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాము. పక్క సీటులోని పెద్దాయన సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త అని మాటల్లో తెలిసింది. పుస్తకాలు రాస్తారు, వాటికి ఫోటోలూ తనే తీస్తారు. అమ్మను తీయవచ్చా అని అడిగారు.

"వద్దప్పా! మా ఇంట్లో ఫోటోలన్నిటికీ దండలే ఉండాయి. నాకు యాల తొందర? మావోణ్ణి తియ్యి, డిగ్రీ పాసైనాడు."

ఆయన వాదించలేదు. "సరేనమ్మా. మీ చెయ్యి మాత్రం అబ్బాయి భుజం మీద పెట్టండి. ముఖం రాదు."

"చేతికి దండ ఎయ్యరులే," అని నవ్వి అమ్మ చెయ్యి వేసింది.

ఫోటో పోస్టులో వచ్చింది.

ఇప్పుడు అమ్మ లేదు. ఆమెకు వేరే ఫోటో లేదు. అందులో బతికున్న నేనూ ఉన్నాను కనుక దండ వేయలేదు. మా గోడ మీద దండ లేని ఫోటో అదొక్కటే.