లోపలి గడియ

ఆదివారం మధ్యాహ్నాలు భోజనాల బల్ల మీద వదిన కథ చెబుతూ పాచికలాట నడుపుతుంది. గుహలూ రాక్షసులూ ఆవిడ కల్పన. కథలో వీరులుగా ఆడేది మరిదీ, ఆడపడుచూ. పక్క గదిలో మంచం పట్టిన అత్తగారి గంట మోగితే లేచి వెళ్తుంది, వచ్చి ఆగిన మాట దగ్గరే అందుకుంటుంది. రాక్షసుల బలం కూరలో ఉప్పేసినట్టు చేతి అందాజాతో వేస్తుంది: వీరులు చావరు, అలాగని కాలు మీద కాలేసుకుని గెలవరు. ఆటలో వీరులు నిద్రపోతే గాయాలు మానతాయి గనుక నిద్ర దగ్గర మాత్రం మహా పిసినారి. పడుకుంటామంటే చాలు, "పడుకోండి, కానీ తలుపుకి గడియ లేదు" అని పాచిక వేస్తుంది. ఒకటి పడితే రాక్షసుడు లోపలికొస్తాడు. ఇంట్లో వదిన పడగ్గది గడియ, అత్తగారు పిలిస్తే ఆలస్యం కాకూడదని, ఎప్పుడో ఊడదీసేశారు.

ఆవేళ వీరులు ఒళ్లంతా గాయాలతో ఓ రాతిగదిలో దూరారు. వదిన పాచిక వేసింది. ఒకటి పడింది. చటుక్కున అరచేత్తో మూసేసింది.

"గడియ ఉంది, లోపలే. ఎవరూ రారు. కంటినిండా నిద్రపోండి."

"అదేంటి వదినా! గాయాలన్నీ మానిపోతే ఆట చప్పబడిపోదూ?" అంది ఆడపడుచు.

"పడనీ. ఒక్కసారి ఎవరో ఒకరు పడుకోనీ."

పక్క గదిలో గంట మోగింది. వదిన పాచికను పిడికిట్లో పట్టుకునే లేచింది.