రెండో గ్లాసు

భీమశంకరరావు చేతిలో ఒక విద్య ఉంది. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోస్తే, రెండింటినీ పక్కపక్కన పెట్టి కళ్ళు చికిలించి చూసినా ఏది ఎక్కువో ఏది తక్కువో ఎవరూ చెప్పలేరు. పైగా రెండింట్లోనూ సగం కన్నా ఒక గుక్క ఎక్కువే ఉంటుంది. ఆ గుక్క ఎక్కడినుంచి వస్తోందని భార్య పద్మావతి సణిగితే, "నీ డికాషన్ మహిమే" అని నవ్వేసేవాడు. పదిహేనేళ్ళు ఆ విద్యే వాళ్ళిద్దరికీ అన్నం పెట్టింది. చివరికి నోటీసు తెచ్చిపెట్టిందీ అదే.

మనిషిది గోదావరి. రామచంద్రపురం పక్క పల్లెనుంచి పోర్టులో ఉద్యోగం వస్తుందని విశాఖపట్నం వచ్చి, అది ఇదిగో అదిగో అంటూ ఎంతకీ రాక, పోర్టు క్యాంటీన్లో కాఫీ కలిపే పనికి కుదిరాడు. 1991లో పాండురంగపురం దగ్గర, బీచ్ రోడ్డుకి దిగే సందు మొదట్లో పది అడుగుల కొట్టు అద్దెకి తీసుకున్నాడు. ఇత్తడి ఫిల్టరు, రెండు బల్లలు, గోడకి ఒక పలక. పలక మీద కాఫీ ధర తప్ప ఇంకేమీ రాసేవాడు కాదు. స్టీల్ ప్లాంటు బస్సు కోసం నిలబడేవాళ్ళు, నడకకి వచ్చే రిటైరైన పెద్దమనుషులు, పెదజాలారిపేట నుంచి వచ్చే చేపల వేటగాళ్ళు, అందరిదీ ఒకటే కేక. వన్ బై టూ!

ఇద్దరు మనుషులు, ఒక కాఫీ, రెండు గ్లాసులు. ఇవాళ నీ జేబు, రేపు నా జేబు. ఇందులో చిన్నపిల్లాడికి కూడా అర్థం కానిది ఏముంది చెప్పండి?

వీరన్న, అప్పలసూరి అనే బావా బావమరుదులు ఉండేవారు. ఇద్దరిదీ ఒకే పడవ. శంకరరావు వాళ్ళకి పంతులుగారు. ఒడ్డున చేపల వేలంపాట ముగిశాక, తడి ఆరని లుంగీలతోనే వచ్చి బల్ల చివర కూర్చునేవారు. కొట్టు తెరిచిన మొదటివారం నుంచి వాళ్ళది వన్ బై టూ. పాట బాగా పలికిన రోజునా వన్ బై టూనే. కాకపోతే ఆ రోజు రెండుసార్లు తాగేవారు.

2003లో రోడ్డుకి ఆవల అద్దాల కొట్టు వెలిసింది. దేశమంతా కొట్లున్న పెద్ద కాఫీ కంపెనీ అది. అసలు పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఏదో ఉండేది, సందులో మాత్రం అందరికీ అద్దాల కొట్టే. కాఫీ నలభై రూపాయలని విని శంకరరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆర్నెల్లకి ఆ నవ్వు ఆగింది. యూనివర్సిటీ కుర్రకారంతా అటు మళ్ళారు. ఒక్క కోల్డ్ కాఫీ, నాలుగు స్ట్రాలు, నలుగురు పిల్లలు, మూడు గంటలు. వాళ్ళు వెళ్ళేది ఏసీ కోసమని శంకరరావు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. మన మనుషులు మనకున్నారు కదా అనుకున్నాడు.

ఆ మనుషుల్లో మోహనకృష్ణ ఒకడు, ఆడిటరు దగ్గర గుమస్తా. ఓ రోజు కాఫీ ఊదుకుంటూ మాటల్లో మాటగా, "అద్దాల కొట్టు వాళ్ళకి మూడేళ్ళుగా నష్టమేనండీ" అన్నాడు.

"నిలబడ్డానికి చోటు లేదక్కడ. నష్టం ఎలాగయ్యా?"

"గుమ్మం మీద ఆ పేరుంది చూశారా? ఆ పేరు ఈ కంపెనీది కాదండీ. పన్నులు లేని దేశంలో ఇంకో కంపెనీ ఉంది, పేరు దానిది. వాడుకున్నందుకు ఏటా దానికి అద్దె కడతారు. గింజలూ దాని దగ్గరే, అది చెప్పిన ధరకే కొంటారు. అవన్నీ పోగా ఇక్కడ మిగిలేది సున్నా. సున్నా మీద పన్నేం వేస్తారు?"

"ఆ రెండో కంపెనీ ఎవరిది?"

"వాళ్ళదేనండీ."

శంకరరావు పాలగిన్నె కింద పెట్టాడు. "అయితే ఈ కొట్టు పేరు మా పద్మావతిదని రాసేసి, ఆవిడకి అద్దె కట్టి, నాకూ నష్టమేనని చెప్పొచ్చన్నమాట!"

"మీరు చెబితే ఊరుకోరండీ" అన్నాడు మోహనకృష్ణ. "అయినా మీకెందుకు? ఏడాదికి ఐదు లక్షల అమ్మకం దాటితేనే కదా మీకు పన్ను. మీరు దాటరు."

2006 ఎండాకాలంలో, పొద్దున్నే ఐదున్నరకి ఒక తెల్లచొక్కా మనిషి వచ్చి మూల బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఒళ్ళో కాగితం, దాని మీద గీతలు. పెళ్ళిళ్ళకి కాఫీలు పురమాయించేవాడేమోనని శంకరరావు ఆశపడి, వాడికి కాఫీ స్ట్రాంగ్‌గా కలిపి, పంచదార సరిపోయిందా అని రెండుసార్లు అడిగాడు కూడా. సాయంత్రం వాడు లేచి జేబులోంచి కార్డు తీసి చూపించాడు. పన్నుల ఆఫీసు మనిషి. పొద్దుటినుంచి వాడు గీసింది గ్లాసుకో గీత.

ఆ రోజు అమ్మింది రెండు వందల నలభై కాఫీలు. బల్లల మీదకి వెళ్ళిన గ్లాసులు నాలుగు వందలు. నోటీసులో రోజుకు నాలుగు వందల కాఫీలని ఉంది. అలా చూస్తే ఏడాదికి ఐదు లక్షలు ఎప్పుడో దాటిపోయినట్టే. పన్నూ జరిమానా కలిపి తొంభై వేలు కట్టమన్నారు. శంకరరావుకి ఒళ్ళు మండిపోయింది. తెలుగుదేశంలో పుట్టి, వన్ బై టూ తెలియని మనిషి ఒకడుంటాడా? ఉంటే వాడికి గవర్నమెంటు ఉద్యోగం ఎలా ఇచ్చారు?

విచారణకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. రెండు గంటలు వరండాలో నిలబెట్టి లోపలికి పిలిచారు. ఆఫీసరు ఎదురుగా ఒక పెద్దమనిషి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అద్దాల కొట్టు ఆడిటరట. ఆయన పని ఎప్పుడో అయిపోయింది, కబుర్లు మాత్రం మిగిలాయి. శంకరరావుకి కుర్చీ చూపించినవాళ్ళు లేరు. ఇంతలో అటెండరు రెండు గ్లాసులు తెచ్చి వాళ్ళిద్దరి ముందూ పెట్టాడు.

"ఒకటే కదా చెప్పాను?" అన్నాడు ఆఫీసరు.

"ఒకటేనండి. వన్ బై టూ తెచ్చాను" అన్నాడు అటెండరు.

శంకరరావు ఒక అడుగు ముందుకేశాడు. "ఆయ్, సార్! ఇప్పుడు ఇక్కడికి ఎన్ని కాఫీలు వచ్చాయండీ?"

"ఒకటి. ఏం?"

"గ్లాసులెన్నండీ?"

అటెండరు గోడకేసి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఆఫీసరు మొహం ఒక్క క్షణం ఎర్రబడింది, అంతలోనే సర్దుకుంది. "బిల్లు పుస్తకం తెచ్చారా?" అన్నాడు.

"ఐదు రూపాయల కాఫీకి బిల్లేంటండీ?"

"అదీ సంగతి. బిల్లు ఉంటే బిల్లు చూస్తాం. లేనప్పుడు మాకు కనబడేది గ్లాసే. వీళ్ళ కొట్లో చూడండి, ప్రతి కప్పుకీ బిల్లు ఉంది."

బిల్లుంది సరే, లాభమేది? ఈ ప్రశ్న శంకరరావుకి మెట్లు దిగి, ఆటో ఎక్కి, జగదాంబ సెంటరు దాటాక తట్టింది. అక్కడ తట్టి ఏం లాభం? గదిలో ఉన్నప్పుడు ఆయన అడగగలిగింది, "పైన చెప్పుకోవచ్చా అండీ?" అని మాత్రమే.

"అప్పీలు చేసుకోండి. సగం ముందు కట్టాలి."

"సగమా అండీ?"

"సగం."

శంకరరావుకి నవ్వొచ్చింది. పన్ను కూడా వన్ బై టూనే. ఈ సగంలో మాత్రం గుక్క ఎక్కువ పోసేవాడు లేడు.

రేకుల ఇంటికి స్లాబు వేయిద్దామని ఆరేళ్ళుగా దాచిన డబ్బు ఆ సగానికి పోయింది. మోహనకృష్ణ అప్పీలు కాగితాలు రాసిపెట్టి, "ఇకమీదట బై టూ మానెయ్యండి. రెండో గ్లాసు కనబడితే మళ్ళీ ఇదే గొడవ" అన్నాడు. మర్నాడు పొద్దున్న శంకరరావు పలక దించి, కాఫీ ధర కింద సుద్దముక్కతో రాశాడు. వన్ బై టూ లేదు. రాస్తుంటే సుద్ద రెండుసార్లు విరిగింది.

స్టీల్ ప్లాంటు వాళ్ళు పలక చూసి మొహాలు చిట్లించారు. కొందరు విడివిడిగా తాగారు, కొందరు తాగకుండానే బస్సెక్కారు. తొమ్మిదింటికి వీరన్న, అప్పలసూరి వచ్చారు. ఆ రోజు చేపలు అంతంతమాత్రం. అప్పలసూరి పలక కూడబలుక్కుని చదివాడు.

"బై టూ నేదని రాసినారేటి పంతులుగారూ?"

శంకరరావు తలెత్తలేదు. "గ్లాసులు లెక్కపెడుతున్నారయ్యా."

అదేమిటో వాళ్ళకి అర్థం కాలేదు. కానీ పంతులుగారి మొహం చూసి ఇంకేమీ అడగలేదు. "నేకపోతే నేదులెండి. ఒకటియ్యండి" అన్నాడు వీరన్న.

గ్లాసు అందుకుని, దాని సగం దగ్గర బొటనవేలి గోరు ఆనించి పట్టుకున్నాడు. మెల్లగా తాగుతూ గోటి దాకా రాగానే ఆపేశాడు. భుజం మీది తువ్వాలుతో అంచు తుడిచి బావమరిదికి చాచాడు.

"ఇంద. గోటికాడికే తాగినాను, సూసుకో."

పదిహేనేళ్ళలో ఆ కొట్లో ఒకరి ఎంగిలి ఇంకొకరు తాగలేదు. శంకరరావుకి చెంప మీద కొట్టినట్టయింది. ఒక్క అంగలో వచ్చి, అప్పలసూరి పెదాల దాకా వెళ్ళిన గ్లాసు లాక్కుని తొట్టిలో పారబోశాడు. కొత్తగా కాఫీ కలిపి, రెండు గ్లాసుల్లో పోసి, రెండింటినీ బల్ల మీద ఠంగుమని పెట్టాడు. తర్వాత తడిగుడ్డతో పలక మీద "లేదు" అన్నచోట గట్టిగా రుద్దేశాడు.

"మళ్ళీ ఎవడైనా వచ్చి కూర్చుంటేనో?" అంది పద్మావతి లోపలినుంచి.

"కూర్చోనీ! రాసుకోనీ! నాలుగొందలు కాకపోతే నాలుగువేలు రాసుకోమను వెధవల్ని!"

సందంతా దద్దరిల్లేలా అరిచాడు. బస్టాపులో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. వీరన్న గ్లాసు పట్టుకుని బిత్తరపోయాడు.

"ఎవుల్ని తిడతన్నారు పంతులుగారూ?"

శంకరరావు చెప్పబోయి, వేలు చూపిద్దామని రోడ్డుకి ఆవల, సున్నా చూపించి తప్పించుకునే అద్దాల కొట్టు వైపు చూశాడు. ఎవరిని చూపించాలి? కౌంటర్లో టోపీ పెట్టుకున్న పిల్లనా, తలుపు తీసే గూర్ఖానా? వాళ్ళు నెలజీతం మనుషులు. తిట్టడానికి అక్కడ ఉన్నదల్లా గుమ్మం మీద ఒక పేరు. అది కూడా అద్దెదే.